గాలి లెక్కలు

మన భాషలో గాలి లెక్కలంటే ఆధారం లేకుండా నోటికొచ్చినట్టు వేసిన లెక్కలు. అమెరికాలో ఒక వృత్తి ఉంది, వాళ్ళ పని అచ్చంగా గాలి లెక్కలే. ఏ గదిలోకి నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి వస్తోంది, ఏ గొట్టంలో ఎంత చల్లనీళ్ళు పారుతున్నాయి, డ్రాయింగులో రాసిందెంత, వాస్తవంగా వస్తున్నదెంత అని గది గదికీ తిరిగి కొలిచి, సరిచేసి, కాయితం మీద రాసి సంతకం పెట్టడం. దీని పేరు టెస్టింగ్ అండ్ బ్యాలెన్సింగ్. మధ్యలో అడ్జస్టింగ్ కూడా కలిపి పొట్టిగా "ట్యాబ్" అంటారు. నా గొడవల్లా ఒకటే. ప్రభుత్వ భవనాల్లో ఈ రెండో రకం గాలి లెక్కలు మెల్లగా మొదటి రకంలోకి జారిపోతున్నాయి. దానికి కారణం నిచ్చెనెక్కి కొలిచే మనిషి కాదు. అతనికి డబ్బులెవరిస్తున్నారు, అతను రాసిన కాయితం ఎవరు చదువుతున్నారు అన్నవి అసలు కారణాలు.

"కంప్యూటర్లు చదువుకున్నవాడివి, నీకెందుకయ్యా ఈ డక్టుల గోల?" అని మీరడగొచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, కన్సల్టెంటుగా నా బతుకులో చాలా భాగం రాష్ట్ర ప్రభుత్వాల ఆఫీసు భవనాల్లోనే గడిచింది. ఆ చలికి ఒణికిందీ నేనే, ఆ ఉక్కకి ఉడికిందీ నేనే. రెండోది, నా వృత్తిలోనూ టెస్టింగుంది. ప్రాజెక్టు చివరికొచ్చేసరికి గడువు ముంచుకొచ్చి, డబ్బులు అయిపోయి, అందరూ విసిగిపోయి ఉన్నప్పుడు టెస్టింగుకి ఏ గతి పడుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కోడు రాసినవాణ్ణే "బాగుందా?" అని అడిగితే "బ్రహ్మాండంగా ఉంది" అంటాడు. భవనం కట్టినవాడూ మనిషే కదండీ.

ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసిన దేశీలకి ఈ దృశ్యం కొత్త కాదు. జూలై నెల, బయట 95 డిగ్రీలు. లోపల ఉత్తరం వైపు కూర్చున్నవాళ్ళు స్వెట్టర్లు వేసుకుని, బల్ల కింద చిన్న హీటరు పెట్టుకుని ఉంటారు. అదే అంతస్తులో పడమర కిటికీల దగ్గరివాళ్ళు టేబుల్ ఫ్యాను తెచ్చుకుంటారు. సీలింగులో గాలి వచ్చే చిల్లుల పలకకి ఎవరో అట్టముక్క పెట్టి టేపు అంటించి ఉంటారు. మా ప్రాజెక్టులో ఒకావిడ ఉండేది, తెలుగావిడే, అందరం అక్కా అని పిలిచేవాళ్ళం. ఆవిడ శాలువా ఒకటి శాశ్వతంగా కుర్చీకే ఉంచేసింది. ఒకసారి లెక్కేస్తే మా అంతస్తులో బల్లల కింద పదకొండు హీటర్లు తేలాయి. అంటే చల్లబరచడానికి ఒకసారి, ఆ చల్లదనాన్ని విరగ్గొట్టడానికి ఇంకోసారి, రెండుసార్లూ పన్నులు కట్టేవాళ్ళే డబ్బులిస్తున్నారన్నమాట.

ఫిర్యాదు చేస్తే మెయింటెనెన్సు వాళ్ళొచ్చి గోడమీది థర్మోస్టాటుని అటూ ఇటూ తిప్పి వెళ్ళిపోతారు. అన్నట్టు, ఆఫీసుల్లో చాలా థర్మోస్టాట్లు దేనికీ తగిలించకుండా ఉత్తినే గోడకి పెట్టినవని 2003లో వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో ఒక వ్యాసం వచ్చింది. జనం దాన్ని తిప్పుకుని "ఆ, ఇప్పుడు నయం" అనుకుంటారట. గుళ్ళో గంట కొట్టినట్టు! నవ్వొచ్చే మాటే గానీ, ఇందులో ఒక దుర్మార్గం ఉంది. బాధ నిజమైనది, మందు మాత్రం ఉత్తుత్తిది.

సరే, అసలు ఈ బ్యాలెన్సింగంటే ఏమిటో చూద్దాం. కాలవ కింద వ్యవసాయం చేసిన ఇంట్లో పుట్టినవాళ్ళకి దీన్ని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. పైన రిజర్వాయరుంది. అది పెద్ద ఫ్యానూ, చల్లనీళ్ళు పారే కాయిలూ ఉన్న ఎయిర్ హ్యాండ్లరు. అక్కణ్ణించి బయల్దేరే మెయిన్ డక్టు ప్రధాన కాలవ. దాన్నుంచి చీలిన డక్టులు పిల్లకాలవలు. ప్రతి పిల్లకాలవ మొదట్లో తూము ఉన్నట్టు ఇక్కడ డ్యాంపరుంటుంది. చిట్టచివర మీ నెత్తిమీదున్న చిల్లుల పలకే మీ మడి. ఇప్పుడు తూములన్నీ బార్లా తెరిచి నీళ్ళొదిలితే ఏమవుతుంది? తల దగ్గరున్న పొలాలు మునుగుతాయి, శివారు ఆయకట్టు బీటలు వారుతుంది. ఎంత పెద్ద డ్యాము కట్టినా అంతే. చెరువు కింద ఊళ్ళలో నీరుగంటి (తెలంగాణలో నీరటి అంటారు) అనే మనిషి ఉండేవాడు గుర్తుందా? ఏ తూము ఎంత తియ్యాలి, ఎవరి మడికి ఎంతసేపు పారాలి అన్నది అతని చేతిలో ఉండేది. ఈ భవనాల్లో నీరుగంటి పని చేసేవాడే బ్యాలెన్సింగు టెక్నీషియను.

అతని పద్ధతి కూడా ముచ్చటైనదే. గాలి వచ్చే పలక మీద గుడ్డ గొడుగు లాంటి సాధనం బోర్లించి ఎంత గాలి వస్తోందో కొలుస్తాడు. డక్టులో సన్నటి గొట్టం దూర్చి ఒత్తిడి చూస్తాడు. ఒక్కో పలక దగ్గరా రావలసిన దాంట్లో ఎంత శాతం వస్తోందో రాసుకుంటాడు. అందరికంటే తక్కువ వస్తున్న చోటుని, అంటే మామూలుగా శివారు గదిని, పూర్తిగా తెరిచి ఉంచుతాడు. మిగతావాటిని ఆ శాతానికి తగ్గట్టు కొద్దికొద్దిగా మూస్తూ వస్తాడు. పలకల తర్వాత పిల్లకాలవలు, వాటి తర్వాత ప్రధాన కాలవ. అందరికీ ఒకే శాతం వచ్చాక, ఆఖర్న ఫ్యాను వేగం సరిచేస్తే అందరికీ నూరు శాతం వస్తుంది. మామూలుగా 10 శాతం అటూ ఇటూ ఉంటే ఒప్పుకుంటారు. గమనించారా, ఈ లెక్క చివరి గదితో మొదలవుతుంది. ఈ వృత్తి ధర్మమంతా అందులోనే ఉంది.

ఈ పని చెయ్యకపోయినా ఓ దారుంది. ఫ్యాను వేగం పెంచెయ్యడం. చివరి గదివాడు అరవడం మానేస్తాడు. కానీ ఫ్యాను తినే కరెంటు వేగానికి ఘనంగా పెరుగుతుంది. వేగం 10 శాతం పెంచితే కరెంటు 33 శాతం పెరుగుతుంది. అదే 20 శాతం తగ్గించగలిగితే ఖర్చు సగానికొస్తుంది. తూములు సరిచెయ్యడం చేతకాక డ్యాముని ఇంకో పదడుగులు పెంచినట్టుంటుంది ఈ వ్యవహారం. పైగా మొదటి గదుల్లోవాళ్ళు గడ్డకట్టుకుపోతారు, అదనం.

ఇహ అసలు గొడవకొస్తాను. ఈ నీరుగంటికి కూలి ఎవరిస్తున్నారు?

అమెరికా సైన్యం, నౌకాదళం తదితరులు కట్టించే భవనాలకి ఒక ఉమ్మడి స్పెసిఫికేషన్ల సంపుటి ఉంది. అందులో 23 05 93 అనే సెక్షను పూర్తిగా ఈ బ్యాలెన్సింగు గురించే. బాగానే రాశారు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. బ్యాలెన్సింగు కంపెనీకి ఆ కాంట్రాక్టులో పనిచేసే ఇంకే కంపెనీతోనూ సంబంధం ఉండకూడదన్నారు. రిపోర్టు వచ్చాక ప్రభుత్వ ప్రతినిధి తనకి తోచిన చోట్లు ఎంచుకుని మళ్ళీ కొలిపించవచ్చన్నారు. అయితే అదే వాక్యంలో ఆ కంపెనీ ప్రధాన కాంట్రాక్టరు కింద మొదటి వరస సబ్ కాంట్రాక్టరుగా ఉండాలనీ అన్నారు. అంటే చుట్టరికం ఉండకూడదు గానీ జీతం మాత్రం అతని చేతిమీదుగానే. పరీక్ష రాసే కుర్రాడి నాన్నగారే పేపర్లు దిద్దే మాస్టారికి నెల నెలా ఫీజు ఇచ్చినట్టు! మాస్టారు నిజాయితీపరుడే కావచ్చు. కానీ ఆ ఏర్పాటుని మనం మన పిల్లల స్కూల్లో ఒప్పుకుంటామా?

కాంట్రాక్టరు వైపునుంచి చూడండి. భవనం అయిపోయింది. ఆఖరి బిల్లు రావాలంటే ఈ రిపోర్టు కావాలి. ఎక్కడో ఒక డక్టు ఇరుగ్గా కట్టారు, మూడో అంతస్తు మూల గదికి 400 రావలసింది 250 మాత్రమే వస్తోంది. సరిచెయ్యాలంటే సీలింగు విప్పాలి. ఆ ముక్క రిపోర్టులో ఉంటే బిల్లు ఆగుతుంది. రాసినవాడికి వచ్చే ప్రాజెక్టులో పిలుపు రాకపోవచ్చు. ఇక్కడ ఎవరూ లంచం తీసుకోనక్కర్లేదు, ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు. ఉక్కపోతలో అందరూ కాస్త తొందరపడితే చాలు.

ఈ వృత్తిలోనివాళ్ళకి ఈ సంగతి తెలియదనుకోకండి. 1965లో పుట్టిన అసోసియేటెడ్ ఎయిర్ బ్యాలెన్స్ కౌన్సిల్, కట్టేవాళ్ళతోనూ డిజైను చేసేవాళ్ళతోనూ యంత్రాలమ్మేవాళ్ళతోనూ సంబంధం లేని కంపెనీలకే సభ్యత్వమని గిరి గీసుకుంది. 1971లో కాంట్రాక్టర్ల సంఘాల చొరవతో మొదలైన నెబ్ అనే సంస్థ, యంత్రాలు బిగించే కంపెనీలకి కూడా సర్టిఫికేటు ఇస్తుంది. మనిషికి శిక్షణ, సాధనాలకి సరైన కాలిబ్రేషను ఉంటే చాలునంటుంది. ఎవరి వాదం ఎంత గొప్పదో తేల్చడం నా పని కాదు. యాభైయేళ్ళకి పైగా రెండు జెండాల కింద ఈ వాదన నడుస్తోందంటేనే ఆ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో తెలుస్తోంది. డబ్బులిచ్చే ప్రజలు మాత్రం ఆ వాదనలో ఎక్కడా లేరు.

నేను పనిచేసిన ఒక రాష్ట్రంలో (పేరు అనవసరం) పాత కాయితాలని స్కాన్ చేసి వెతకడానికి వీలుగా పెట్టే ప్రాజెక్టు ఒకటుండేది. అందులో భవనాల విభాగం తాలూకు పెట్టెలు కూడా వచ్చాయి. ట్యాబ్ రిపోర్టులు మొదటిసారి అక్కడే చూశాను. ఎంత చక్కటి పట్టికలో! గది నంబరు, రావలసింది, వచ్చింది, శాతం. కొన్నిట్లో 87, 112, 94 ఇలా మనుషులు కొలిచినట్టు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, పక్కన "డ్యాంపరు అందడం లేదు", "ఇక్కడ డక్టు నలిగింది" అని చేత్తో రాసిన ముక్కలున్నాయి. వాటిని చూస్తే దణ్ణం పెట్టాలనిపించింది. కొన్నిట్లో మాత్రం పేజీల కొద్దీ 100, 101, 99, 100. డేటాతో బతికేవాణ్ణి కదా, ఇంత నున్నటి అంకెలు ప్రకృతిలో దొరకవని నాకు తెలుసు. అవి కల్పించినవని నేననను, నా దగ్గర సాక్ష్యం లేదు. కానీ అసలు విషయం అది కాదు. ఆ పెట్టెల మీద సీలు భవనం అప్పగించిన నాటిది. మేము విప్పేదాకా వాటిని ఎవరూ విప్పలేదు. ఎవరూ చదవరని తెలిసిన కాయితాన్ని ఎవరు మాత్రం ఎన్నాళ్ళు ఒళ్ళు దాచుకోకుండా రాస్తారు?

ఇదంతా నా ఒక్కడి అనుభవం, ఒణుకు, సణుగుడు అనుకుంటే, కాలిఫోర్నియా సంగతి వినండి. అక్కడ డేవిస్ యూనివర్సిటీవాళ్ళూ, బర్కిలీ నేషనల్ ల్యాబువాళ్ళూ కలిసి 11 స్కూళ్ళలో 104 క్లాసు గదులు పరీక్షించారు. అన్నీ కొద్ది ఏళ్ళ కిందటే కొత్త యంత్రాలు బిగించినవి. పాత డొక్కు యంత్రాలు కావు, బాగా గుర్తుపెట్టుకోండి. తీరా చూస్తే తగినంత బయటిగాలి అందుతున్నవి నూటికి 15 గదులు. సగానికి పైగా గదుల్లో యంత్రంలోనో, ఫ్యాను నడిచే పద్ధతిలోనో, ఫిల్టర్లలోనో పెద్ద లోపాలే ఉన్నాయి. ఫ్యానుని "ఆటో"లో పెట్టేస్తే గది చల్లబడగానే అది ఆగిపోతుంది, దాంతో పాటే పిల్లలకి బయటిగాలీ ఆగిపోతుంది. యంత్రం కొన్నారు, బిగించారు, బిల్లు చెల్లించారు. గాలి వస్తోందా అని చూసినవాడు లేడు.

ఆ అధ్యయనం 2020లో ప్రచురితమైంది. కోవిడ్ కూడా అదే ఏడు కదా, అదే ఏడు అక్కడ ఏబీ 841 అనే చట్టం చేశారు. స్కూళ్ళలో గాలిని సర్టిఫికేటున్న టెక్నీషియన్ల చేత కొలిపించి, సరిచేయించి, రిపోర్టు తీసుకోవడానికి కరెంటు కంపెనీల ద్వారా వచ్చే నిధులు కేటాయించారు. గదిలో కార్బన్ డయాక్సైడు 1,100 పీపీఎం చేరితే తెలియజెప్పే మీటరు పెట్టాలన్నారు. ఈ మీటరు నాకు బాగా నచ్చింది. శివారు రైతు చేతికే కొలబద్ద ఇచ్చినట్టు, ఆ గదిలో కూర్చున్న మనిషే చూసుకోవచ్చు.

దేశం మొత్తం మీద సంగతా? 2020 జూన్‌లో అమెరికా కాంగ్రెసు తనిఖీ సంస్థ జీఏవో ఇచ్చిన నివేదిక ప్రకారం 41 శాతం స్కూలు జిల్లాల్లో కనీసం సగం స్కూళ్ళకి ఈ వేడి చల్లదనాల వ్యవస్థని మార్చడమో బాగుచెయ్యడమో అవసరం. సుమారు 36,000 స్కూళ్ళు. తర్వాతి ఏడాది కేంద్రం స్కూళ్ళకిచ్చిన సుమారు 122 బిలియన్ డాలర్ల కోవిడ్ సాయాన్ని గాలి వ్యవస్థలకి కూడా వాడుకోవచ్చన్నారు. చాలా జిల్లాలు యంత్రాలు కొన్నాయి, రిబ్బన్లు కత్తిరించాయి, ఫొటోలు దిగాయి. కొన్న యంత్రాల ఫొటో దొరుకుతుంది. మీ పిల్లాడి క్లాసులో నిమిషానికి ఎంత గాలొస్తోందన్న అంకె దొరుకుతుందేమో, ఒకసారి అడిగి చూడండి.

ప్రభుత్వాలు ఈ విషయంలో గదిని వదిలేసి గోడమీది అంకెని పట్టుకోవడం కొత్త కాదు. 1979 జూలైలో కార్టరు ప్రభుత్వం పబ్లిక్, వాణిజ్య భవనాల్లో వేసవిలో 78కి తక్కువగా చల్లబరచకూడదనీ, చలికాలంలో 65కి మించి వెచ్చబెట్టకూడదనీ నిబంధన పెట్టింది. 1981 ఫిబ్రవరిలో రీగన్ వచ్చి దాన్ని కొట్టేశాడు. ఒకాయన అంకె రాశాడు, ఒకాయన చెరిపాడు. బ్యాలెన్సు లేని భవనంలో ఒక మూల 70, ఇంకో మూల 82 ఉంటే ఆ 78 ఎవరిది? చమురు కరువు రోజుల్లోనే ఇంకో పని కూడా జరిగింది. ఇంజనీర్ల సంఘం ఆష్రే, పొగతాగని ఆఫీసులకి మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగుల బయటిగాలి చాలునని 1981లో ప్రమాణం తగ్గించింది. భవనాల్లో తలనొప్పులు, కళ్ళమంటలు, "సిక్ బిల్డింగ్" అన్న మాట లోకానికి పరిచయమయ్యాయి. 1989లో అదే సంఘం ఆఫీసులకి దాన్ని 20కి పెంచింది. ప్రమాణం మారింది సరే, గదుల్లోకి వెళ్ళి తూములు తిప్పకపోతే ఆ 20 పుస్తకంలోనే ఉంటుంది.

ఇప్పుడు ఎదుటివాళ్ళ వాదనలు.

"ఇదంతా ఖర్చు కదా" అంటారు. బర్కిలీ ల్యాబువాళ్ళే 2009లో 643 భవనాల లెక్కలు చూశారు. వాళ్ళు చూసింది కమిషనింగు, అంటే బ్యాలెన్సింగుతో పాటు యంత్రాలూ కంట్రోళ్ళూ అన్నీ సరిగ్గా నడుస్తున్నాయా అని చూసే పెద్ద పని. పాత భవనాల్లో మధ్యస్థంగా 16 శాతం ఎనర్జీ ఆదా అయింది, పెట్టిన డబ్బు 1.1 ఏళ్ళలో తిరిగొచ్చింది. ఏడాదిలో అసలు తిరిగొచ్చే పెట్టుబడి ఉందంటే మన దేశీలు డల్లాస్‌లో స్థలాలమ్ముకుని మరీ వస్తారు. ప్రభుత్వానికి మాత్రం ఖర్చుగా కనిపిస్తుంది.

"ఇప్పుడన్నీ స్మార్టు భవనాలు, వాటంతటవే సర్దుకుంటాయి" అనేది రెండో వాదన. ఇది మా సాఫ్టువేరువాళ్ళు అమ్మే మాట, కాబట్టి జవాబు నేనే చెప్పాలి. గదికి గాలి వదిలే పెట్టెలో సెన్సరు ఉంటుంది, నిజమే. ఆ సెన్సరు ఎంత చూపిస్తే అసలు ఎంత వస్తున్నట్టో మొదట గుడ్డ గొడుగుతో కొలిచి పోల్చి, అందులో ఒక గుణకం ఎక్కించాలి. ఎక్కించేది ఎవరు? ఆ బ్యాలెన్సింగు మనిషే. గుణకం తప్పయితే కంప్యూటరు తెరమీద 400 అని పచ్చగా కనిపిస్తూనే ఉంటుంది, గదిలోకి 250 వస్తూనే ఉంటుంది. తప్పుడు తూకంరాయికి డిజిటల్ డిస్‌ప్లే పెట్టినంత మాత్రాన తూకం సరికాదు.

మూడో వాదన, అదే నాకు ఒళ్ళు మండించేది: "కాస్త చలికి ఇంత గోలా? స్వెట్టరు వేసుకోండి." ఆఫీసుల్లో ఉష్ణోగ్రత ప్రమాణాలకి ఆధారంగా తీసుకున్న ఒంటి వేడి లెక్క 1960ల నాటిదనీ, అది సుమారు 70 కిలోల నడివయసు మగవాడి లెక్కనీ, ఆడవాళ్ళ విషయంలో అది ఎక్కువ చూపిస్తోందనీ 2015లో నేచర్ క్లైమేట్ ఛేంజ్ పత్రికలో ఇద్దరు డచ్చి శాస్త్రవేత్తలు రాశారు. అంటే బాగా బ్యాలెన్సు చేసిన భవనంలోనే మా అక్కకి చలేస్తుంది. చెయ్యని భవనంలో చెప్పాలా? పైగా బాధ ఎవరిదో చూడండి. డైరెక్టరు గారి గది గురించి ఫిర్యాదొస్తే సాయంత్రానికి నిచ్చెనొస్తుంది. కౌంటరు దగ్గర రోజంతా నిలబడే గుమాస్తాకి, బడిపిల్లలకి, జ్యూరీకి పిలిస్తే వచ్చి కూర్చున్న మామూలు మనిషికి నిచ్చెన రాదు. ఎప్పుడూ శివారువాళ్ళే ఓర్చుకోవాలి.

పైగా భవనం ఒక్కచోట నిలిచి ఉండదు. గోడలు కదుపుతారు, నలుగురున్న గదిలో పద్నాలుగు మందిని కూర్చోబెడతారు. 2023 జూలైలో జీఏవో 24 కేంద్ర ప్రభుత్వ సంస్థల ప్రధాన కార్యాలయాలు చూస్తే, అందులో 17 సంస్థలు తమ భవనాల్లో పావు వంతో అంతకంటే తక్కువో వాడుకుంటున్నాయని అంచనా తేలింది. 2025 జనవరిలో ఉద్యోగులందర్నీ ఆఫీసులకి తిరిగి రమ్మన్నారు. ఖాళీ భవనానికి సరిపెట్టిన గాలి నిండు భవనానికి సరిపోతుందా? బల్లలు లెక్కపెట్టినట్టు గాలి కూడా ఎక్కడెక్కడ లెక్కపెట్టారో ప్రజలకి చెప్పాలా వద్దా?

నేను అడిగేవి గొంతెమ్మ కోరికలేమీ కావు. ఒకటి, ప్రభుత్వ భవనంలో బ్యాలెన్సింగు కంపెనీని ప్రభుత్వమే నేరుగా పెట్టుకుని, నేరుగా డబ్బులివ్వాలి; కాంట్రాక్టరు చేతిమీదుగా ఒక్క డాలరు కూడా వెళ్ళకూడదు. రెండు, గది గదికీ రావలసిందెంత, వచ్చిందెంత అన్న పట్టికని ప్రజలు చూసేచోట పెట్టాలి. రక్షణ శాఖ రహస్య గదులుంటే వాటిని తీసెయ్యండి, డీఎంవీ ఆఫీసులో గాలి దేశరహస్యం కాదు. మూడు, భవనం అప్పగించిన ఏడాదికి, ఎదురు రుతువులో, ముందుగా చెప్పకుండా ఎంచిన పదోవంతు గదుల్ని వేరేవాళ్ళ చేత మళ్ళీ కొలిపించాలి. గోడలు కదిపినప్పుడల్లా ఆ అంతస్తు మళ్ళీ కొలవాలి. నాలుగు, కొలిచి "తక్కువ వస్తోంది" అని నిజం రాసినందుకు ఆ కంపెనీ బిల్లు ఆగకూడదు. నిజం రాసినవాడికి మొదట డబ్బులివ్వండి, డక్టు ఇరుగ్గా కట్టినవాడి బిల్లు ఆపండి.

మనవాళ్ళు కాస్త పూనుకుంటే చాలు. ఇల్లు కొనేముందు స్కూలు రేటింగు పదికి ఎనిమిదా తొమ్మిదా అని పదిసార్లు చూస్తాం. ఆ స్కూలు బాండు కోసం ఏటా ఆస్తిపన్ను కడతాం. స్కూలు బోర్డు మీటింగుకి వెళ్ళి "కిందటి వేసవిలో బిగించిన యంత్రాల ట్యాబ్ రిపోర్టు చూపిస్తారా?" అని ఒక్క ప్రశ్న అడగడానికి మాత్రం మొహమాటం. కేంద్ర సంస్థల కాయితాలకి 1966 నాటి సమాచార స్వేచ్ఛా చట్టముంది, రాష్ట్రాలకీ స్కూలు జిల్లాలకీ ఆయా రాష్ట్రాల పబ్లిక్ రికార్డుల చట్టాలున్నాయి. ఒక ఈమెయిలు చాలు.

ఇంటిదగ్గర చదువుతున్నవాళ్ళు "ఇది మీ అమెరికా గొడవ" అని పక్కన పెట్టెయ్యకండి. మనదేశంలో 2007లో వచ్చిన ఈసీబీసీ అనే భవనాల ఎనర్జీ కోడులో కూడా, 500 చదరపు మీటర్లకి మించి ఏసీ ఉన్న చోట బ్యాలెన్సింగు రిపోర్టు రాతపూర్వకంగా యజమానికి ఇవ్వాలని ఉంది. ప్రభుత్వ భవనానికి యజమాని ఎవరు? మీరే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో సాగునీటి నిర్వహణని రైతుల సంఘాలకే అప్పగిస్తూ చట్టం చేసుకున్నాం, నీళ్ళు వాడుకునేవాడికే తూము సంగతి తెలుస్తుందని. అది ఎంతవరకు నడిచిందన్నది వేరే కథ గానీ, ఆలోచన సరైనదే. సెంట్రల్ ఏసీ ఉన్న కొత్త కలెక్టరేటులో, కొత్త ఆసుపత్రిలో గాలి లెక్క అడగడానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల ఫీజు. "రిపోర్టు లేదు" అని జవాబొస్తే, ఆ జవాబు కూడా ఒక రిపోర్టే.

అంకె ఇవ్వలేని ప్రతి ఆఫీసరూ ఒకటే మాట చెబుతాడు, "అంతా బాగానే ఉందండీ" అని. గాలి లెక్కలంటే అవే మరి.